జగ్గమ్మ ఎర్ర జాకెట్టు

ఏటి దీవెనా, మళ్ళీ సెప్పు, ఈ సెవి ఇనబడదు. సేతులు పొడుగు సెయ్యాలా? మొన్న క్రిస్మస్‌కే కదే కుట్టినాను. పొట్టిసేతులే పెట్టు తాతా అని నువ్వే గదా అన్నావు. ఆఁ? మహిళా దినోత్సవమా. స్టేజీ మీద మాటాడతావా, దేనిమీద? సాధికారత. మాట బాగుంది, నోరు తిరగదు గాని బాగుంది. అయితే దానిమీద మాటాడ్డానికి సేతులు మోసేతి దాకా ఉండాలని మీ మేడమ్ సెప్పినాదా? సెప్పినాది కావాల. నానేటి అన్నేదమ్మా. దర్జీవోణ్ణి, కుట్టమంతే కుడతాను, ఇప్పమంతే ఇప్పుతాను. అలాగ కూకో. కరెంటు నేదు, మోటారు తిరగదు. ఒకప్పుడు కాలితో తొక్కీసీవోణ్ణి, ఇప్పుడు మోకాలు మాట ఇనదు. ఆ బల్ల మీద కాదు, అది ఊగుతాది. హుద్‌హుద్‌ తుపానుకి బోర్డు ఎగిరిపోయి దానిమీదే పడినాది. ఎలీషా టైలర్స్‌లో ఎలీషా ఎటో పోనాడు, టైలర్స్ మాత్రం దొరికినాది. మీ మామ్మ ఉండుంతే నవ్వును.

నీ సాధికారత నాకు తెలీదు గాని, జగ్గమ్మ తెలుసు. నువ్వెరగవు, నువ్వు పుట్టకముందే పోనాది. కళింగపట్నం తోవలో సముద్రం ఒడ్డున పేట ఆళ్ళది. బస్సు మీద గంపెక్కించుకుని వచ్చి, ఈ అరసవల్లి రోడ్డంట సేపలు అమ్మీది. ఆదివారం ఒక్కటీ రాదు. ఆదివారం ఈ రోడ్డుకి గుడికొచ్చే జనమే గాని సేప కొనీవోడు ఉండడు. నల్లగా, బారుగా ఉండీది మనిషి. మోకాళ్ళ దాకా కోక, సేతులనిండా పచ్చబొట్లు, నోట్లో అడ్డపొగ. నవ్వకు, సుట్ట నిప్పున్న కొసని నోట్లో పెట్టుకుని పీల్సీది. మాటాడినా నిప్పు బయటికి రాదు. రైక మాత్రం నేదు. ఆ రోజుల్లో ఆళ్ళలో ముసిలోళ్ళకీ నేదు, పడుసోళ్ళకీ నేదు. పయిట గట్టిగా బిగించి దోపితే అంతే. ఎవుడూ సూసీవోడు కాదు. సూడ్డానికి ఏటుంది, ఎండకి మాడిన భుజాలు. మన సంగంలో పాస్టరమ్మగారికే అది కంట్లో నలుసు. పాపం మంచి తల్లి, ఉండబట్టలేక రెండు తెల్లజాకెట్లు కుట్టించి ఇచ్చినారు. నానే కుట్టినాను. జగ్గమ్మ దణ్ణం పెట్టి తీసుకున్నాది. మర్నాడు సూద్దుము గదా, ఆ రెండూ కలిపి మెలిపెట్టి సుట్టకుదురు సేసి, నెత్తిన గంపకింద పెట్టుకున్నాది. పాస్టరమ్మగారు రెండు రోజులు సేపలు కొన్నేదు.

అలాంటి మనిషి ఒకరోజు గంప దించి, కొట్లోకి తొంగిసూసి, ఎర్ర గుడ్డ పీసొకటి నా బల్లమీద పడేసినాది. డెబ్బై మూడో, నాలుగో. "నాకో జాకెట్టు కుట్టు బావా" అన్నాది. నన్ను బావనీది, మీ మామ్మనేమో అప్పా అనీది. ఆదికి ఏదైనా జాకెట్టు ఇయ్యవే అన్నాను. ఇప్పుడంతే టేపులు పట్టుకుని అందరూ కొలిసీస్తన్నారు గాని, అప్పుడు మగ దర్జీ ఆడమనిషిని కొలిసీవోడు కాదు. పాతజాకెట్టు తెచ్చిస్తే దాన్నిబట్టి కత్తిరించడమే. "ఉంతే నీకాడికెందుకొస్తానురా ఎర్రిబావా" అన్నాది. అదీ నిజమే. మీ మామ్మ కొలుస్తాదిలే అన్నాను, ఒప్పలేదు. ఎల్లిపోయి రెండ్రోజులకి వల అల్లే తాడుముక్క తెచ్చినాది. దానికి నాలుగు ముడులు. ఇది రొమ్ముకి, ఇది నడుంకి, ఇది భుజంకి, ఇది సేతికి అని సెప్పినాది. వల కన్ను ఎంతుండాలో ఆళ్ళు ముడేసే కొలుస్తారు మరి, అలగే తన ఒంటిని తనే కొలుసుకున్నాది. సేతి ముడి సూస్తే జానెడు నేదు. ఇంత పొట్టా అని అడిగితే, "అంతే" అన్నాది.

కచ్చాకుట్టేసి తొడిగి సూడమన్నాను. లోపలగదిలో మీ మామ్మ, అదీ. సాలాసేపు రాలేదు. ఒకటే నవ్వులు. బయటికొచ్చి గంపెత్తుకుని ఎల్లిపోనాది. లోపలేటి మాటాడుకున్నారంతే మీ మామ్మ సెప్పలేదు, సేపల రేటు గురించంది. అది తరవాత సెప్తాను. ఆ గ్లాసిలాగియ్యి. ఆఁ. మరి నా బుద్ధి సూడు. జాకెట్టు పూర్తిసేసి, అందరివీ ఎలగ తగిలిస్తానో అలగే కొట్టు ముందర తీగకి తగిలించీసినాను. మారిపోకుండా ఎవరి ఆది జాకెట్టు ఆళ్ళ కొత్తదానికి పిన్నెట్టడం నాకలవాటు. దీనికి జాకెట్టు నేదు గదా, ఆ తాడుముక్కే కట్టినాను. పాస్టరమ్మగారు అటెల్తా ఎవరిదని అడిగినారు. జగ్గమ్మదండి అన్నాను. ఆవిడ కళ్ళలో నీళ్ళు. మారిపోనాదన్నమాట, సిగ్గు తెలిసినాదన్నమాట అన్నారు. నాకూ గర్వంగానే ఉన్నాది, అబద్ధమాడ్డమెందుకు. నా సెయ్యితోనే కదా తెలిసినాది సిగ్గు.

ఆ మర్నాడే అసిరయ్య వచ్చినాడు. జగ్గమ్మ మరిది. ఈ ముక్క సెప్పాలి నీకు. జగ్గమ్మ మొగుడు నాలుగేళ్ళ ముందే సముద్రంలో పోనాడు. కొడుకు రాముడు సిన్నోడు. అన్నపోతే వదిన తమ్ముడి పాకలోకి ఎల్లడం అప్పట్లో ఆళ్ళలో ఉన్నదే, తప్పుకాదు. అసిరయ్యకి పెళ్ళామున్నాది, అయినా పిలిసినాడు. జగ్గమ్మ ఎల్లలేదు. నాలుగేళ్ళూ పిలస్తానే ఉన్నాడు, ఇది గంపెత్తుకుని తిరగతానే ఉన్నాది. ఆడు తీగమీద ఆ తాడు సూసి ఆగిపోనాడు. ఆళ్ళింటి తాడది, ఆళ్ళింటి ముడి. ఇదెవరిది బావా అన్నాడు. నానేటి సెయ్యాల? ఎవురో ఆర్డరిచ్చినారనాలి. అన్లేదు. జగ్గమ్మదే అన్నాను, నవ్వుతా అన్నాను. ఆడు సంతోషిస్తాడనుకున్నాను సూడు, అదీ నా తెలివి. మనోళ్ళకి జాకెట్టంతే మర్యాద. ఆళ్ళకేమో, పెళ్ళైన కాణ్ణించి రైక ఎరగని మనిషి, మొగుడు పోయినాక ఎర్రజాకెట్టు కుట్టించుకున్నాదంతే, ఎవుడో ఉన్నాడన్నమాట. అదే గుడ్డ. మనకి సిగ్గు, ఆళ్ళకి సిగ్గులేనితనం.

శుక్రవారం ఆళ్ళ పేట పంచాయితీకి నన్ను పిలిసినారు. వలల పాకలో పెద్దలందరూ కూకున్నారు, పెద్దాయన అప్పలసూరి. జాకెట్టు తెమ్మన్నారు, పేపర్లో సుట్టి తీసుకెల్లినాను. మధ్యాన్నం, ఇసకలో కాళ్ళు కాలిపోతన్నాయి. జగ్గమ్మ గంప బోర్లించి దానిమీద కూకున్నాది. అసిరయ్య మాట ఒకటే, ఆ మగోడి పేరైనా సెప్పాల, నేదంతే నా పాకకైనా రావాల. న్యాయమే గదా అన్నారు పెద్దలు. అప్పలసూరి నన్నడిగినాడు, దీనెంట ఎవుడైనా వచ్చినాడా అని. నాకు తెలీదయ్యా, ఒక్కర్తే వచ్చినాదన్నాను. నిజమే. కాని తప్పు నాదని అప్పుడికి తెలిసిపోనాది. అప్పలసూరి దానికేసి తిరిగి మంచిగానే అడిగినాడు, "ఎవుడి కోసం కుట్టించుకున్నావు జగ్గమ్మా" అని. అది సుట్ట నోట్లోంచి తీసి ఇసకలో గుచ్చినాది. "మగోడి కోసమైతే ఒంటిమీద ఉన్నది ఇప్పుకుంతాను గాని, నేంది కొత్తగా కుట్టించుకుంతానా మావా" అన్నాది. ఎవుడూ నవ్వలేదు. నెగిసి నా దగ్గిరకొచ్చి, పేపరు లాక్కుని, అందరి ముందరా, ఎవురికీ ఈపు తిప్పకుండా, పయిట పళ్ళతో పట్టుకుని ఆ జాకెట్టు తొడుక్కున్నాది. ఐదు హుక్కులు. ఒక్కోటీ పెట్టుకున్నాది, తొందరేటీ నేదు. ఇరవై ఏళ్ళ బట్టి ఆ భుజాలు సూస్తన్నవోళ్ళే, ఒక్కడు తల దించలేదెప్పుడూ. అప్పుడు దించినారు. నానూ దించినాను. తొడుక్కుంటాంటే సూళ్ళేకపోనాము. అప్పలసూరి దగ్గినాడు. ఎండ ముదిరినాది, పనులు సూసుకోండి అన్నాడు. తీర్పు నేదు, ఏటీ నేదు.

గెలిసినాదనుకోకు. సినిమా కాదది. మర్నాడునించి ఆళ్ళ పడవ సేప దానికివ్వలేదు. రెండు కోసులు ఒడ్డంట నడిసి ఇంకో పేటలో కొనుక్కునీది. పాక కూడా పేట సివర ఏసుకున్నాది, గాలొస్తే మొదట ఎగిరీది దానిదే. ఇక్కడికొచ్చినప్పుడు మళ్ళీ మామూలే, జాకెట్టు నేదు. పాస్టరమ్మగారు అడిగిస్తే, సేపనీళ్ళు కారే గంపకింద అంత మంచి గుడ్డ పాడుసేసుకుంతానా అన్నాది. మరి ఎప్పుడేసుకునీదంతావా? అదే. నెలకోసారో రెండు సార్లో ఆ ఎర్రజాకెట్టు ఉతికి పాకముందర వలకర్ర మీద ఆరేసీది. ఆరేసిందంతే పేటంతా తెలిసిపోయీది, దాలయ్య వచ్చెల్లినాడని. దాలయ్యంతే పెళ్ళాంపోయినోడు, ఆ ఇంకో పేటలో పడవున్నోడు, దానికి సేప ఇచ్చీవోడు. మనువాడమన్నాడంట, వద్దన్నాదంట. ఆడి పాక ఆడిది, దీని పాక దీనిది. పద్దెనిమిదేళ్ళు అలగే. మీ మామ్మ సచ్చిపోయే ముందు సెప్పినాది, ఆ రోజు లోపలగదిలో సంగతి. జగ్గమ్మ అద్దం ముందర హుక్కులు పెట్టుకుని, ఇప్పి, మళ్ళీ పెట్టుకుని, "అప్పా, ఎప్పుడూ తెరిసున్న తలుపు ఎవుడు తడతాడు సెప్పు, మూసుంతేనే గదా" అన్నాదంట. ఏటలా సూస్తన్నావు? నీకు తెలీని సంగతా. మేవూ పడుసోళ్ళవేనే ఒకప్పుడు. పెద్దలకి సెప్పినాదీ నిజమే, మీ మామ్మకి సెప్పినాదీ నిజమే అనుకుంతాను. నాకు అడిగే మొకం నేదు.

పోనాది తొంబై రెండులో. జొరం, మూడ్రోజులే. అప్పుడికి కాలం మారిపోనాది, పేటలో సిన్నపిల్లలకాడినించి అందరికీ జాకెట్లే. రాముడు పెద్దోడై కరెంటాఫీసులో పని సేస్తన్నాడు. పొద్దున్నే సైకిలేసుకుని వచ్చినాడు, ఏడిసేడిసి కళ్ళు ఎర్రగా ఉన్నాయి. మావా, అమ్మకి తెల్లజాకెట్టొకటి బేగి కుట్టియ్యి, ఆఫీసోళ్ళొస్తారు, ఫొటో తియ్యాల, సేతులు మోసేతి దాకా పెట్టు అన్నాడు. ఆడి తప్పేటి? తల్లి మర్యాదగా ఎల్లాలనుకున్నాడు. కొలతెలాగంతే, ఆ తాడుముక్క నా సొరుగులోనే ఉన్నాది. సేతి ముడి కాడ మాత్రం నా ఇష్టమొచ్చినంత పొడుగు పెంచీసినాను. కుట్టి పట్టుకెల్లినాను. ఆడోళ్ళు లోపల తొడిగి బయట కూకోబెట్టినారు. ముసిలితనానికి మనిషి ఒడిలిపోనాదేమో, వదులు. ఫొటోగ్రాఫరు ఎనకనించి పిన్నులెట్టినాడు. ఆ ఫొటో ఇప్పుడికీ రాముడింట్లో ఉన్నాది, దండేసి. ఎల్లి సూడు, పాస్టరమ్మగారి అక్కలాగుంటాది.

దాలయ్య వచ్చినాడు. జనం ఎనకాల, కొబ్బరిసెట్ల కాడ నిలబడ్డాడు. సేతిలో పేపరు పొట్లం. నాను సూసినాను. పొట్లం సందులోంచి ఎరుపు కనిపిస్తన్నాది. ఆడి కాడికెలగొచ్చినాదో గాని, ఆ జాకెట్టే, ఉతికి తెచ్చినాడు. ముందుకి రాలేదు, ఆడెవుడని వస్తాడు. నాకేసి సూసినాడు. ఆడికి తెలుసు, అది కుట్టింది నానేనని, ఆ పేటలో నా మాటకి అంతో ఇంతో ఇలువుందని. ఒరే రాముడూ, మీ అమ్మ తన కొలత తనే ముడేసుకుని కుట్టించుకున్నదొకటుందిరా, అదేసి పంపించండి అనుంతే అయిపోను. ఒక్క మాటే. అన్లేదు. పదిమంది ఉన్నారు, ఆఫీసోళ్ళున్నారు, పాస్టరుగారు వచ్చున్నారు. అసిరయ్యకి సెప్పకూడని రోజున నవ్వుతా సెప్పీసినాను. సెప్పాల్సిన రోజున నోరు పెగల్లేదు. ఎత్తుకెల్లిపోనారు. దాలయ్య ఆ పొట్లం సంకలో పెట్టుకుని ఒడ్డంట ఎల్లిపోనాడు.

అదిగో, లైటెలిగినాది. ఫేను ఎయ్యి. ఇలాగియ్యి ఆ జాకెట్టు. మోసేతి దాకా అని మేడమ్ అన్నాది, ఇన్నాను. నీ సెయ్యి ఇది, దీవెనా. ఎంతవరకు కుట్టమంతావో నువ్వు సెప్పు. ...సెప్పమ్మా. ...సరే, తొందరేటీ నేదు. ఆ సూదుల డబ్బా ఇలగ జరుపు.