దారంతోని కొలిచిన కారు

— నానమ్మా, రోజు ఆఫీసుకు పోను రాను ఒక పాత కారు కొందామని చూస్తాన. ఎర్రది ఒకటి, తెల్లది ఒకటి ఉన్నయి. ఏది మంచిగుంది, చూడు.

ఏదీ, జర దూరం పెట్టు ఫోను. ఆఁ... రెండూ మంచిగనే మెరుస్తానయి. మెరుసుడు సంగతి నన్నడుగకు బిడ్డా. మెరిసేదాన్ని వాపస్ పంపి మెరవనిదాన్ని ఇంటికి తెచ్చినదాన్ని నేను. ఆ రోజులల్ల గీ హన్మకొండల బట్టల దుకాణపోళ్ళ ఇంట్ల కారు పసందు జేసిన కోడలు ఎవలన్న ఉన్నదంటే, అది మీ నానమ్మనే! నవ్వకు. కూసో, చెప్తా.

మా మామకు, అంటే మీ తాత వాళ్ళ బాపుకు, వరంగల్ల బట్టల దుకాణం. ఇల్లు గిక్కడ్నే. నడుమ మూడు మైళ్ళు, అంతే. పొద్దుగాల బొట్టు పెట్టుకొని రిక్షాల పోయేది. గద్దె మీద కూసొని బోణీ ఆయన చేతితోనే చేసేది. లగ్గం బట్టలకని రఘునాథపల్లి దిక్కు నుంచి బండ్లు కట్టుకొని వచ్చేటోళ్ళు. "సేటు చెయ్యి మంచిది, సేటే కొలిచియ్యాలె" అని ఎంతసేపైనా నిలబడేటోళ్ళు. వాళ్ళకు చాయ్ తెప్పిచ్చేది మామ. చాయ్ అప్పుడు అణానే... కాదు కాదు, అప్పటికి అణాలు పోయి నయాపైసలు వచ్చినయి. ఆరు పైసలు. ఏం చెప్తాన?

ఆఁ, మామ. ఒకనాడు దుకాణం మెట్ల మీద జారి పడ్డడు. మోకాలు పలిగింది. దవాఖానల మూణ్ణెల్లున్నడు. కాలైతే అతికింది గని మళ్ళ వంగలే. కట్టె లెక్క సీదాగ ఉండిపాయె. ఇంటికొచ్చినంక రిక్షా ఎక్కిస్తే ఆ కాలు బయటికి పొడుచుకొచ్చింది. బజార్ల ఎడ్లబండి తాకి అబ్బా అని మొత్తుకున్నడట. చూసినోళ్ళు కొందరు నవ్విండ్రట గూడ. ఆ నవ్వుడే ఆయనకు తగిలింది. ఇంటికొచ్చి, "ఇగ నేను పోను. కాలు పోయింది, గద్దె పోయింది" అని గోడ దిక్కు మొగం పెట్టి పండుకున్నడు. అన్నం ముట్టడు. డాక్టరేమో, "ఈయనకు నా కాడ మందు లేదమ్మా, దుకాణమే మందు. గిట్లనే పంటే దక్కడు" అన్నడు. మా అత్త ఒకటే ఏడుసుడు.

నాకు మామ అంటే పానం. ఎందుకంటవా? నేను పెండ్లయి వచ్చిన కొత్తల నాకు ఒకటి రెండు గూడ సక్కగ రావు. మామ ముంగట కోడలు నిలబడుడు, నోరిప్పుడు ఉండకపోయేది మాకు. తలుపెనుకనే. ఆయన ఇవతల కూసొని ఇనుప గజం చేత వట్టుకొని, "గిది గజం, గిది అర, గిది పావు" అని మా అత్తకు చెప్పినట్టు చెప్పేది. అత్తకు అయన్నీ ఎన్నడో వచ్చు. నాకోసమే అది! గట్ల తలుపు సందుల నుంచి చదువుకున్న నేను. తర్వాత సర్కారు మీటర్లు తెచ్చినంక ఆ గజం దుకాణంల పనికిరాకపాయె. ఇంట్ల అటక మీద పడ్డది.

అయితే మీ తాతకు ఒక ఆలోచన వచ్చింది, పాత కారు కొందామని. మంచి ఆలోచననే. గని ఆయన తెచ్చింది దేన్ని? ఒక దొర అమ్ముతాండట, తక్కువకే ఇస్తాండట. గింత పొడుగు, నల్లగ, ముంగట వెండిపళ్ళెం లెక్క మెరుసుడు. చూసి పసంజేయుండ్రని రెండు దినాలు మా ఇంటి ముంగటనే నిలిపిండ్రు. వాడ వాడంత వచ్చి చూసింది. మీ తాతకు కాళ్ళు భూమ్మీద లేవు. అన్నం వడ్డించుకుంట మెల్లగ అడిగిన, "మామ కాలు పడ్తదా అండ్ల?" అని. "అంత పెద్ద కార్ల కాలు పట్టదా?" అన్నడు. "ఎవలన్న కొలిచిండ్రా?" అన్న. నవ్విండు. చూడు బిడ్డా, బట్టలోళ్ళం! అంగీ గుడ్డ అడిగితే మెడ కొలిచి, చెయ్యి కొలిచి ఇస్తం. కారు మాత్రం కొలువకుంట కొంటాండ్రు.

మరి మామ కాలు నేనెట్ల కొలువాలె? అత్త చెవుల చెప్పిన. ఆమె నల్లదారం తీసుకొని, "దిష్టి తగిలిందయ్యా నీకు, కదలకు" అని నడుము కాడి నుంచి మడిమె దాక కొలిచి ముడేసింది. ఆ దారం తీస్కపోయి పెద్దకారు తలుపు తీసి పెట్టి చూసిన. నాలుగు తలుపుల కారు కద, ఒక్కొక్క తలుపు సందు చిన్నది. కాలు వంగితేనే లోపలికి పోతది. జానెడు దారం బయటనే మిగిలింది! అటెంక అటక మీది గజం దించి మీ తాత చేతికిచ్చిన. "దుకాణం గల్లీ కొలిచి రాపో" అన్న. గునుసుకుంట పోయిండు. వచ్చినంక మొగం చూడాలె. అరుగులు ముంగటికొచ్చిన కాడ గల్లీ రెండు గజాలేనట. కారు వెడల్పేమో రెండు గజాలు దాటింది. అంటే చౌరస్తాల దించి మళ్ళ అందరి ముంగట నడిపియ్యాలె మనిషిని. దొర కారు దొరకే పాయె.

వారానికి కాజీపేట నుంచి ఇంకోటి వచ్చింది. రైల్వే ఆఫీసరు ఒకాయన బదిలీ అయి పోతాండని అమ్మకానికి పెట్టిండు. చిన్నది. రంగు వెలిసి బూడిద పూసినట్టుంది. పైగ రెండే తలుపులు. మొన్న పెద్దకారు చూసిన వాడకట్టోళ్ళు, "సేటూ, ఇది సగం కారేనా, తతిమ్మ సగం రేపు వస్తదా?" అని ఒకటే పరాష్కం. నవ్వనీ! రెండే తలుపులు గాబట్టి ఒక్కొక్కటి వెడల్పుగ ఉంది. సీటు గూడ ఎనుకకు జరుగుతది. దారం పెట్టి చూసిన. ముడి లోపటనే పడ్డది, ఇంకో బెత్తెడు జాగ మిగిలింది. కార్లు బాగుచేసే మిస్త్రీ చూసి, "ఇంజను మంచిగనే ఉంది గని దూరం పోతే కాగుతది" అన్నడు. మీ తాత నా దిక్కు చూసిండు. "మూడు మైళ్ళకు ఏం కాగుతది? చాయ్ గూడ కాగదు" అన్న.

కొన్నరు. ఇగ అసలు తమాషా విను. మామ పోను పోననుకుంటనే బయటికి వచ్చిండు. గజం చేతికట్టె లెక్క పట్టుకున్నడు. నేను ముందుగాల్నే కార్ల ఎనుకకు దూరి, ఆయన నడుముకు మెత్త సదురుతాన. ఇంతల ఆయన్ని కూసోబెట్టనే కూసోబెట్టిండ్రు. కాలు సీదాగ, అల్కగ, ఒక్క అబ్బ లేకుంట లోపలికి పాయె! అత్త చప్పట్లు కొట్టింది. ఆ సంబురంల మీ తాత కారు తోలెటందుకు ఇంకో దిక్కు నుంచి ఎక్కి ధన్‌మని తలుపేసిండు. నేను ఎనుకనే ఉన్న! రెండు తలుపుల కారాయె, ముంగటోళ్ళు దిగితేనే నేను దిగుడు. మామ ముంగట నోరెట్ల ఇప్పుదు? కొంగు నిండ కప్పుకొని ముడుసుకొని కూసున్న. గట్ల వరంగల్ పోయిన బిడ్డా.

గల్లీల కారు సక్కగ దుకాణం మెట్ల కాడికే పాయె. ఒక్క అరుగును గూడ తాకలే. అందరు లేసి నిలబడ్డరు. నవ్వినోళ్ళే దండం పెట్టిండ్రు. మామ దిగిండు, ఎనుకకు మర్లి చూస్తే నేను. మా ఆడోళ్ళు దుకాణానికే రారు ఆ దినాలల్ల. "ఏంరా ఇది?" అన్నడు మీ తాతను. అప్పుడు మీ తాత, ఎంత మంచోడో చూడు, తలకాయ వంచుకొని, "బాపూ, కారు నేను పసంజేయలే. ఆమెనే. నీ కాలు దారంతోని కొలిచి పసంజేసింది" అన్నడు.

మామ మెల్లగ ఎక్కి గద్దె మీద కూసున్నడు. ఎర్ర రైకగుడ్డ తాను తీసిండు. మీటరు పక్కకు జరిపి గజంతోనే కొలిచిండు. "ఇది అమ్ముడు కాదు, నా బిడ్డకు ఇచ్చుడు" అన్నడు. మీటరైతే నాకు ఇంకో నాలుగు వేళ్ళంత గుడ్డ ఎక్కువొచ్చేది, అది వేరే సంగతి! "బోణీ ఉత్తగ గావొద్దు, ఏమన్న ఇయ్యి బిడ్డా" అని చెయ్యి చాపిండు. నా కాడ పైస లేదు. కొంగున ఆ నల్లదారం ఉంది. అదే పెట్టిన. దాన్ని రెండు కండ్లకద్దుకొని గల్లపెట్టెల ఏసిండు మా మామ.

బిడ్డా అన్నడు నన్ను... ఉండు, జర నీళ్ళియ్యి.

ఎనిమిదేండ్లు నడిచింది ఆ కారు. హైదరాబాద్ మొగమన్న చూడలే. మామ ఆఖరి దినం దాక గద్దె మీదనే. ఆయన పోయినంక గల్ల కడిగితే అడుగున ఆ దారం అట్లనే ఉంది.

ఇగ నీ ఎర్రది, తెల్లది. రోజు పొద్దుగాల మీ అమ్మను గూడ ఎక్కించుకపోయి ఆమె పాఠాలు చెప్పే బడి కాడ దింపుతవు కద? ఆమెకు నడుం నొప్పాయె. ముందుగాల ఆమెను రెండిట్ల కూసోబెట్టి చూడు. ఏది సుఖంగుందంటదో అదే నీ కారు. సల్లగుండు తల్లీ, నీ తొవ్వల రాయన్నది లేకుంట పో. ఆ డబ్బల దారపుండ ఉంటది, తే. మీ అమ్మను పిలువు జర...