కీర్తన వాయించిన చోటు

దేశం విడిచిపోయిన జోలీలే లండన్‌లో చేసిన జాజ్ రికార్డు, చర్చి గాయకుల రికార్డు అట్టలో దాక్కుని కేప్‌టౌన్ పక్కన నల్లవాళ్ల పేట లాంగా చేరింది. తెల్లవాళ్ల ప్రభుత్వం అతని పాటల్ని నిషేధించింది; అది ఇంట్లో దొరికితే జైలే. ఒకప్పుడు అతని బృందంలో పాడిన ఆమె, అదే బృందంలో డ్రమ్ములు వాయించిన అన్నని పిలిచి, తలుపు గడియ వేసి రికార్డు పెట్టింది.

“ఇన్నేళ్లయింది. మనల్ని మరిచిపోయుంటాడన్నా.”

“ముందు విననీ.”

“అదేంటి, మధ్యలో చర్చి కీర్తన అందుకున్నాడు?”

“మళ్లీ పాటలోకి వచ్చేశాడు చూడు. ఇది ఆఫ్రికా ఆత్మఘోష అని రికార్డుతో వచ్చిన కాగితంలో ఎవరో దొర రాశాడు.”

“ఆత్మా లేదు, గాడిదగుడ్డూ లేదు. మనం దొంగచాటుగా డాన్సులు పెట్టిన రోజుల్లో, పోలీసు వ్యాను కనపడగానే నువ్వు డ్రమ్ము మీద రెండు దెబ్బలు వేసేవాడివి. అందరం కీర్తనలోకి దూకేవాళ్లం. అదే ఇది.”

“నా రెండు దెబ్బలూ వేయించాడు. లండన్‌లో ఏ వ్యాను వస్తుందని వీడికి?”

“అయితే మరిచిపోలేదు.”

“ఉండు. బయట ఏదో ఆగింది.”

“వ్యానే. రికార్డు తీసేస్తున్నా.”

“తియ్యకు. ముల్లు కీర్తన మీద పెట్టు.”

కీర్తన మొదలైంది. బూట్లు గుమ్మం దాకా వచ్చి ఆగాయి. కీర్తన అయిపోవస్తుంటే ఆమె ముల్లు వెనక్కి జరిపింది. మళ్లీ జరిపింది. నాలుగోసారికి బూట్లు వెళ్లిపోయాయి.

“వాడికి కబురు పంపన్నా.”

“ఏమని?”

“వచ్చే రికార్డులో కీర్తన కాస్త పొడుగ్గా వాయించమను. ఇక్కడ పోలీసులకి భక్తి పెరిగింది.”