సారు మాటనూ సరిచూసిన తరగతి

1992 ఆగస్టు పదిహేడున, సోమవారం ఉదయం, చేవెళ్ల దాపున ఉన్న ఒక ప్రాథమిక పాఠశాలలో శ్రీ ఆనంద్ బాబు గారు ఉపాధ్యాయులుగా చేరారు. రెండు గదులు, అయిదు తరగతులు, ఒకే నల్లబల్ల. బస్సు దిగి బురదలో నడిచి వచ్చిన ఆ యువకుణ్ణి చూసి "ఈ సారు నెల గూడ నిలువడు" అనుకున్నారట ఊరివాళ్లు. వారు పదిహేడేళ్లు నిలిచారు.

2009లో పదోన్నతి పొంది, సాంఘిక శాస్త్రం బోధించడానికి మొయినాబాద్ మండలంలోని మా ఉన్నత పాఠశాలకు విచ్చేశారు. జొన్నచేలు పోయి ఫాంహౌసుల గోడలు లేచాయి, మెహిదీపట్నం బస్సులో సీటు గగనమైంది, వారి జుట్టు నెరిసింది. బోధనపై వారికున్న అనురక్తి మాత్రం ఇసుమంతైనా తగ్గలేదు. గ్లోబును ఒళ్లో పెట్టుకొని, చంటిబిడ్డను ఆడించినట్టు తిప్పుతూ వారు చెప్పిన భూగోళాన్ని విన్నవాళ్లెవరూ మరువలేదు. "పన్నెండు కొడితే సూర్యుడు నడినెత్తికొస్తడు, నీడ కాళ్ల కింద దాక్కుంటది" అన్న వారి మాట ఈ చుట్టుపక్కల తండ్రులకూ కంఠస్థమే, పిల్లలకూ కంఠస్థమే.

నిరుడు కృత్రిమ మేధతో జవాబులిచ్చే కంప్యూటర్లు మా బడికి వచ్చాయి. అడగడమే ఆలస్యం, జవాబు సిద్ధం. అందరం సంతోషించాం, వారొక్కరే దిగులు పడ్డారు. "నేను రిటైరై పొయ్యేలోపు వీళ్లకు ఎదురడుగుడు నేర్పాలె. లేకుంటే ఎవలేం చెప్పినా మింగుతరు" అంటూ చాయ్ చల్లారబెట్టుకునేవారు. శనివారం భోజనానికి ముందు పీరియడును అందుకే కేటాయించారు. యంత్రం చెప్పిన ఒక మాటను తీసుకోవాలి, కళ్లారా చూసి తేల్చుకోవాలి. పిల్లలు దానికి 'చూసొద్దాం పీరియడ్' అని పేరు పెట్టుకున్నారు.

ఈ ఫిబ్రవరిలో ఒక శనివారం తొమ్మిదో తరగతి మేఘ ఆ నీడ సంగతే యంత్రాన్ని అడిగింది. మన ప్రాంతంలో సూర్యుడు నడినెత్తికి వచ్చేది ఏడాదిలో రెండు రోజులేనని, అదీ సరిగ్గా పన్నెండుకు కాదని అది చెప్పింది. సారు మీసాల్లో నవ్వుకున్నారు. యంత్రం ఇవాళ దొరికిపోయిందని వారి ధీమా. "నడువుండ్రి, దాని సంగతేందో చూద్దాం" అంటూ ఆవరణలో స్వయంగా కట్టె పాతారు.

పన్నెండైంది. కట్టెలో సగం పొడుగున నీడ నేల మీద నిక్షేపంగా ఉన్నది. పావుగంట గడిచినా ఇంకా కురచవుతూనే ఉన్నది. చివరికి మేఘ ముందుకొచ్చి, "సార్, మీరు చెప్పింది తప్పున్నది" అన్నది.

చూస్తున్న తోటి ఉపాధ్యాయులం మేమూ దగ్గరికొచ్చాం. వారు నీడ వంక చూసి మేఘ వైపు తిరిగారు.

"కంప్యూటర్ చెప్పిందని అంటున్నవా, చూసి అంటున్నవా బిడ్డా?"

"చూసే అంటున్న సార్."

"గదీ! ముప్పై ఏండ్ల సంది చెప్తున్న. ఒక్కలన్న అడగలేదు, నేనన్న బయటికొచ్చి చూడలేదు. నా మాటను గూడ గట్లనే మింగిన్రు."

లోపలికి వెళ్లి నల్లబల్ల మీద పెద్ద అక్షరాలతో రాశారు: "ఆనంద్ బాబు సారు చెప్పింది తప్పు. మేఘ చూసి తేల్చింది." ఆ సాయంత్రం వారి వాలకం చూసి వారి సతీమణి శ్రీమతి షారోన్ గారు "ఓడిపోయొచ్చి గింత సంబరమా!" అని ఆశ్చర్యపోయారట. ఇన్నేళ్ల స్నేహంలో వారిని అంత తేలికపడిన మనసుతో మేమూ ఎన్నడూ చూడలేదు.

ఈ మార్చి నెలాఖరున వారు పదవీ విరమణ చేస్తున్నారు. ఖాళీ అయ్యే ఆ కుర్చీని తలచుకుంటే మాకు ఇప్పుడే కళ్లు చెమరుస్తున్నాయి. ఆనంద్ బాబు గారు షారోన్ గారితో కలిసి, ఆయురారోగ్యాలతో, మనశ్శాంతితో నిండు నూరేళ్లు వర్ధిల్లాలని మా అందరి ప్రార్థన. దారిలో కనబడితే మన పిల్లలు మీకు చేతులెత్తి మొక్కుతారు సార్. ఏదైనా చెబితే మాత్రం వెంటనే నమ్మరు. ఇక మీరు దిగులు మాని హాయిగా ఉండండి.