హక్కుపత్రం చదివిన ముక్కు

"కళ్ళజోడు ఇంట్లో మర్చిపోయి పట్నంలో పాత పత్రాల ఆఫీసుకి వెళ్ళానోయ్ ఆ రోజు. అయినా ఎనిమిదొందల ఏళ్ళనాటి తోలుపత్రం గడగడా చదివేశాను. అదేం గొప్ప కాదులే," అని మొదలెట్టారు ఎవ్రార్ మేష్టారు, పెరెట్ కాఫీకొట్లో కిటికీ పక్కన కూచుని. పాతకాలపు మఠాల రాతలు చదవడంలో ఫ్రాన్సు మొత్తమ్మీద తనంతటివాడు లేడని ఆయనే చెబుతుంటారు.

ఎదురుగా బాస్తియన్. అరవై మేకలున్నవాడు. ఊరి అడవిని కొన్న కొత్త ఆసామి దానికి కంచె వేయించాడు. ఇవాళ మధ్యాహ్నం రెండింటికి పట్నం కోర్టులో వాయిదా. ఊరివాళ్ళు అడవిలో మేకలు మేపుకోవచ్చని ఆ పత్రంలో ఉన్నట్టు మేష్టారు రాసివ్వాలి. లేకపోతే మేకల్ని అమ్ముకోవాల్సిందే.

"చదివారుగా, మరి నకలు ఇవ్వండి మేష్టారూ."

"ఉండవయ్యా. సగం అక్షరాలు ఎలకలు తినేశాయి. నేనూరుకుంటానా? తోలు ముక్కుకి ఆనించి ఒక్క పీల్పు పీల్చాను. గొర్రెతోలు. ఆ గొర్రె ఎక్కడ మేసిందో తెలిసిపోయింది. మన అడవిలోనే! ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"గొర్రె అరిచిందా?" అంది పెరెట్, గ్లాసులు తుడుస్తూ. పక్కన టపా సంచి ఒళ్ళో పెట్టుకుని కాఫీ తాగుతున్న సొలాంజ్ కిసుక్కున నవ్వింది.

"అరిచిందమ్మా, నీకెవరు చెప్పారు? ఆ అరుపుకి పత్రం రాసిన సన్యాసి లేచొచ్చాడు, వేళ్ళమీద సిరా ఇంకా ఆరలేదు. మూడో వరుస తప్పు రాశావురా అన్నాను లాటిన్‌లో. గజగజలాడిపోయి మఠాధిపతిని పిలుచుకొచ్చాడు. ఆయన వెనకాల గుర్రమ్మీద దొర, దొర వెనకాల సాక్షాత్తూ రాజు! గదిలో కాలు పెట్టే చోటు లేదు. ఇక్కడ గట్టిగా మాట్లాడకూడదని రాజునే కసిరాను. ఆయన మోకాళ్ళమీద కూచుని, మేష్టారూ, ఈ అడవి ఎవరిదంటే వాళ్ళకే రాసిచ్చేస్తాను, మీరే చెప్పాలి అన్నాడు."

"మీరేం చెప్పారు?" బాస్తియన్ కుర్చీ ముందుకి లాక్కున్నాడు.

"బాస్తియన్‌ది అన్నాను! అక్కడికక్కడే ముద్ర కొట్టాడు. వేడి మైనం, ఇదిగో వేలు కాలింది."

సొలాంజ్ కప్పు కింద పెట్టి సంచిలోంచి ఒక కార్డు తీసింది. "మీకే మేష్టారూ. వచ్చినప్పుడే ఇవ్వాల్సింది, కథ బావుందని ఆగాను. కార్డే కదా, దారిలో చదివేశాను లెండి. పాత పత్రాల ఆఫీసువాళ్ళు రాశారు. మీరడిగిన మఠం పత్రాల కట్ట నెల్లాళ్ళ నుంచి మీ పేరున బల్లమీదే ఉందిట. మీరు ఒక్కసారీ రాలేదట. ఇవాళ పన్నెండింటికి తలుపులేసే లోపల రాకపోతే తిరిగి లోపల పెట్టేస్తారట."

కొట్లో ఎవరూ నవ్వలేదు. మేష్టారు కార్డు అటూ ఇటూ తిప్పారు. ఆయన చెవులు ఎర్రబడ్డాయి.

"హక్కు ఉందని ఊరందరికీ మాటిచ్చేశాను," అన్నారు, ఎవరికీ వినపడకూడదన్నట్టు. "తీరా విప్పాక అందులో మేకల మాటే లేకపోతే ఏం చెయ్యనోయ్?"

బాస్తియన్ లేచి ఆయన కోటు అందుకున్నాడు. "లేకపోతే లేదనే రాసివ్వండి. పదకొండయింది, బండెక్కండి."