బ్రహ్మాస్త్రం కాల్చిన రాయి

తార్నాకలో రాజలింగు నోరు విప్పాడంటే ఎదురింటి కుక్క కూడా మొరగడం ఆపి వింటుందని ప్రతీతి. యూనివర్సిటీ జియాలజీ డిపార్ట్‌మెంటులో అటెండరు. చేసేది రాళ్ల మీద దుమ్ము దులిపే పనే అయినా, ఆ రాళ్లను తానే పుట్టించినట్టు మాట్లాడతాడు. ఇప్పటికే కూతురు భూదేవికి వచ్చిన రెండు సంబంధాలను, తన కథకు నవ్వారని వెళ్లగొట్టాడు. ఇవాళ మూడో సంబంధం, మల్కాజ్‌గిరి సమ్మయ్య, అరుగు మీద తల్లి పక్కన ఒదిగి కూర్చున్నాడు. రైలింజనులో బొగ్గు వేసే ఫైర్‌మన్. భూదేవి చాయ్ ఇచ్చి లోపలికి వెళ్లినప్పటి నుంచీ అతని ప్రాణం ఆ గుమ్మం దగ్గరే ఉంది. "ఆయన ఏం చెప్పినా నవ్వకు, ఊ కొట్టు" అని తల్లి రాములమ్మ దారి పొడుగునా నూరిపోసింది.

రాజలింగు గూట్లోంచి నల్లటి రాయి తీసి అరచేతిలో పెట్టుకున్నాడు. ఒళ్లంతా తొర్రలు, అక్కడక్కడ గాజు మెరుపు. చూడగానే సమ్మయ్య తల్లి వైపు తిరిగాడు. ఆ రాయిని అతను చీకట్లో కూడా గుర్తుపట్టగలడు.

"మొన్న మా యూనివర్సిటీ గ్రౌండు దిక్కుకెళ్లి వస్తుంటే కాలికి తాకింది. ఇంకోడైతే తన్ని పోతుండె. నేను జేబుల ఏస్కున్న. మా ప్రొఫెసర్ సాబ్ చూసి, రాజలింగూ, నీ కండ్లకే దొరకాలె ఇది, అన్నడు."

"అంతేనాండీ?" అన్నాడు పక్క వాటాలో ఉండే రత్నకుమార్ మాస్టారు. గుంటూరు నుంచి వచ్చి ఇక్కడి బడిలో లెక్కలు చెప్పే మనిషి, కొలత లేని మాట గొంతు దిగదు.

"ఆగున్రి సార్. గప్పుడేమైందో ఎరికేనా? చెవికాడ పెట్టుకుంటే లోపల శంఖాలు, ఏనుగుల అరుపులు! అశ్వత్థామ ఏసిన బ్రహ్మాస్త్రం గురి తప్పి గీడ పడ్డది. గా వేడికి మన గుట్టలు మైనం లెక్క కరిగినయి. మౌలాలి గుట్ట ఏందనుకుంటున్నరు? విమానాలు దిగే అడ్డా! ఇయ్యాల అమెరికావోడు చంద్రుని మీదికి పోత పోత అంటుండు. మనోళ్లు పొద్దుగాల పోయి బువ్వ యాళ్లకు వాపస్ వస్తుండిరి."

"కురుక్షేత్రం ఎక్కడ, తార్నాక ఎక్కడండీ?"

"అస్త్రాన్ని టికెట్ అడుగుతరా సార్? ఆ తర్వాత ఏమైందో తెలుసా? నిన్న గీ రాయిని గిట్ల ఒక్కసారి రుద్దిన. కుర్చీతోని సహా లేసిన! మాణికేశ్వర్ నగర్ మీదికెళ్లి పోయి, మల్కాజ్‌గిరి టేషన్ చుట్టు ఒక చక్కర్ కొట్టిన. కింద మన రాములమ్మ చెల్లె బట్టలారేస్తుంటే గూడ చూసిన."

"అవునన్నా, నెత్తి మీద ఏందో నీడ పడ్డదనుకున్న" అంది రాములమ్మ. కొడుకు పెళ్లి కోసం ఆ తల్లి ఆ మాత్రం నీడ పడనిచ్చింది.

ఇంక రాజలింగుకు పట్టపగ్గాలు లేవు. "గీ భూమ్మీద ఏ మంటా రాయిని గిట్ల కరిగియ్యలేదు. నమ్మకుంటే పిలగాన్ని అడుగున్రి, దినాం నిప్పుతోనే పని. చెప్పు బిడ్డా, మనుషులు పెట్టే మంటతోని అయితదా ఇది?"

తల్లి మోచేయి డొక్కలో పొడిచింది. ఒక్క "కాదు మామా" అంటే పెళ్లి ఖాయం. కానీ భూదేవి తలుపు రెక్క పట్టుకుని అతని నోటికేసే చూస్తోంది. ఆ పిల్ల వినే తన మొదటి మాట అబద్ధం కావడం సమ్మయ్యకు మనస్కరించలేదు.

"మామా, అది క్లింకర్. ఇంజను పొయ్యిల బొగ్గు కాలినంక, అండ్ల మన్ను కరిగి గిట్ల గడ్డ కడ్తది. దినాం నేనే గుంజి పారేస్త. మీ గ్రౌండుల పరుగు పందేల బాటకు మా ఇంజన్ల షెడ్డు నుంచే రెండు లారీల బూడిద పోసిండ్రు."

మాస్టారు చాయ్ గ్లాసులో ముఖం దాచుకున్నాడు. రాములమ్మ నెత్తి కొట్టుకుంది. లోపల భూదేవి ఆపుకోలేక పకపకా నవ్వేసింది. సమ్మయ్య చెప్పుల కోసం వెతుక్కున్నాడు.

రాజలింగు రాయిని ఇటు తిప్పి అటు తిప్పి చూశాడు. నవ్విన మనిషి ఈసారి సొంత కూతురే, ఎక్కడికని వెళ్లగొడతాడు?

"ఎంత వేడుంటది గా పొయ్యి?" అన్నాడు చివరికి, మెల్లగా.

"మన్ను నీళ్ల లెక్క పారేంత మామా."

"దాని ముందట దినాం నిలవడ్తవా?"

"ఎనిమిది గంటలు."

రాజలింగు మాస్టారి వైపు తిరిగి ఛాతీ విరిచాడు.

"ఇన్నరా సార్? అశ్వత్థామ జన్మకు ఒక్కటేసిండు, గది గూడ గురి తప్పింది. మా అల్లుడు దినాం ఎనిమిది గంటలు ఏస్తడు!"