పెద్దావిడ ఒప్పుకోలేదు

గార్డెన్ రీచ్‌లో కార్పొరేషన్ క్వార్టర్స్. డయాలసిస్ నుంచి వచ్చి మంచమెక్కిన అమ్ములుకి అత్త అప్పమ్మ ఇడ్లీ తినిపించబోతోంది. కోడలికి మింగుడు పడనిది ఇడ్లీ కాదు.

“ఇడ్లీ తరవాత. ముందు నా మాటకి జవాబు సెప్పత్తా.”

“ఏటి సెప్పను? సల్లారిపోతాది, తినీయే.”

“నీ కొడుకు కిడ్నీ నాకు సరిపోయినాది. పేషెంట్ తరపోళ్ళలో పెద్దావిడ ఒప్పుకోలేదని డాక్టరుబాబు సేతులు దులిపీసుకున్నాడు. ఎందుకొప్పుకోలేదు?”

“సంజయ్‌ని కన్నది నాను. ఆడి ఒంటి మీద కత్తి పడకూడదు.”

“మరి నా ఒళ్ళు? రోడ్డు మీద దొరికినాదేటి?”

“అమ్ములూ...”

“నీకు జబ్బు సేసినప్పుడు నా కిడ్నీ తీసి నీకెట్టినారు. నన్నూ ఒక అమ్మే కన్నాదని అప్పుడు గేపకం రాలేదా?”

“వచ్చినాది.”

“వస్తే?”

“బతకాలనిపించినాదే. ఇడ్లీ తిను.”

“కోడలివి, నువ్వెందుకిస్తన్నావని పర్మిషనిచ్చే ఆపీసర్లు అడిగినారు. ఎవులైనా బెదిరించినారా అన్నారు. ఆవిడ అత్త కాదు, మాయమ్మ అన్నాను. ఆ మాటన్న నోట్లో మన్నెయ్యాల.”

“నా నోట్లో ఎయ్యి.”

“ఇప్పుడేడుస్తావా? నాకు మిగిల్న ఒక్కటీ పాడైనాదని తెలిసిన్నాడు ఏడవాల్సింది.”

“ఏడిసినాను. డాక్టరుబాబు కాళ్ళు పట్టుకున్నాను. నా లోపలున్నది తీసి దానిది దానికే పెట్టీమన్నాను.”

“ఏటి?”

“మల్లీ పనికిరాదంట. నర్సు దీదీ నన్ను బయటికి పంపీసినాది.”

“తీసీమన్నావా? తీసీస్తే నువ్వు బతుకుతావేటి?”

“ముసిల్దాన్ని. ఇంకేటి కావాలే నాకు?”

“ఆగు, ఆగు. నీ పేణమే ఇచ్చీడానికి ఎల్లినదానివి. కొడుకు ఇస్తానంటే అడ్డమేటి నీకు?”

“నన్నడక్కు.”

“నిన్నే అడుగుతాను. మొన్న నా పక్కన కూకుని ఆయన ఎంత ఏడ్సినాడో తెలుసా? అమ్మ మాట దాటలేనే అని, ఒకటే ఏడుపు. నాను పోయినా ఆయన్నేటీ అనకత్తా. అలాటి మొగుడు ఎవులికీ దొరకడు.”

“ఆపు.”

“ఆయన మీద నాకు కోపం లేదు. నీ మీదే—”

“ఆపమన్నానా! నాను వద్దన్లేదే. ఆడే నా కాళ్ళు పట్టుకున్నాడు. ‘నాకు బయమేస్తందమ్మా, నువ్వు వద్దన్నావని సెప్పు’ అన్నాడు.”