ఇంగా శానా సాకాల

నిలబడే ఉండావు యాల వినోదూ, ఆ బండి సీటు కుట్టేదానికి ఇంగా శానా పొద్దు పడతాది. ఈ తవుడు బస్తామీద కూసో. ఏం కాదులే, దులుపుకుంటే పోతాది. పాపని ఈ పక్కకి పిలుసుకో, టమాటా లారీలు దావ తమదే అన్నట్టు వస్తాండాయి. ఆఁ, అట్ల. ఏం సెప్తివి వానికి, మెత్తంగా కుట్టమనా? ఇన్నానులే, నాకు సెవుడు ఇంగా రాలా. "ఎంత మెత్తంగా అంటే, కుప్పం దాకా పోయినా బండెక్కినట్టే తెలియగూడదన్నా" అంటివి. నాకు నవ్వొచ్చె. కోపం సేసుకోవద్దప్పా, నిన్ను సూసి కాదు. ఇదే మాట, ఇదే పుంగనూరు బజార్లో, ఇదే అంగడి ముందర ఇంగొకడు అన్నాడు. చెంగల్రాయుడని. నువ్వు పుట్టకముందు మాట. మనిషి పోయి కూడా శానా యేండ్లాయ. అప్పుడు ఆ పక్కన సీట్లు కుట్టేవాడు వీడు కాదు, నల్లప్ప. ముళబాగిలు వైపు మనిషి, కన్నడమాయన. ఆయన సంగతికి తర్వాత వస్తా.

చెంగల్రాయుడిది కుప్పం. పట్టుగూళ్ళ యాపారం. గూళ్ళు మదనపల్లె మార్కెట్టుకి తెచ్చేవాడు, దావలో నా అంగడి కాడ నిలబడి నీళ్ళు తాగేవాడు, అట్ల సావాసం. మంచోడే గానీ భయం ఎక్కువ. బండి ఆపి పెట్రోలు కొళాయి కట్టేస్తాడు, రెండడుగులేసి మళ్ళా వచ్చి సూస్తాడు. నేను, "ఏమప్పా, అది నీ ఎనకాలే వచ్చి తెరుసుకుంటాదా?" అంటే నవ్వేవాడు, నవ్వతానే ఇంగొక తూరి సూసేవాడు. అట్లాంటోడు ఒక్కగానొక్క కూతురు ఇంద్రాణిని మదనపల్లె హాస్టల్లో ఏసినాడు. మూడో తరగతి బిడ్డ. మంచి బడి, సీటు దొరికింది, వదులుకుంటే పాపం అనుకున్నాడు. ఏసినాడే గానీ పానం ఆడనే. ఆదివారం వస్తే హాస్టలుకి పోయి సాంబారు రుసి సూసేది, కిటికీ కమ్ములు పట్టుకొని ఊపి సూసేది. ఆ వార్డెనమ్మ ఒగనాడు, "అయ్యా, మీరే ఇక్కడ చేరిపోండి, ఒక మంచం ఖాళీగా ఉంది" అనిందంట. ఈయన నిజంగానే ఆలోసించినాడంట, సూడు!

కష్టం యాడొచ్చిందంటే, బిడ్డకి బస్సు పడదు. ఎక్కితే వాంతులు. అందుకని సెలవులకి బండిమీదనే తీసుకపోయేది. మదనపల్లె నుంచి పుంగనూరు, పలమనేరు, వి.కోట, కుప్పం. ఆ కాలం రోడ్డు, పాత బండి, సీటేమో సెక్క మాదిరి. బడిలో సీటు దొరికె గానీ బండిమీద సీటు కుదర్లా. ఇంటికి పోయేతలికి బిడ్డకి కూసునే తావంతా కందిపోయేది. బోర్లా పడుకొని ఏడిసేది. వాళ్ళమ్మ కమలాక్షి మొదట్నించీ ఒప్పుకోలా. ఒగ తూరి తెగేసి సెప్పేసింది. "ఈ తూరి నా బిడ్డ ఏడుస్తా ఇంటికొచ్చిందా, ఇంగ మదనపల్లె లేదు, ఆ బడీ లేదు. ఈడనే సదువుతాది, నా కండ్ల ముందర." ఆ యమ్మ అన్నిందంటే అన్నిందే. ఆ మాట పట్టుకొని వచ్చినాడు నా కాడికి. దసరా సెలవులకి బిడ్డని తెచ్చేదానికి పోతా, పొద్దున్నే దిగినాడు. "గురప్పన్నా, ఈ పొద్దు సీటు బాగు సేసుకోకపోతే నా బిడ్డ సదువు పోతాది" అన్నాడు. నేనే పిలుసుకపోతి నల్లప్ప కాడికి.

నల్లప్ప మాట ఉండాది సూడు, సగం తెలుగు, సగం కన్నడం. ఏ ముక్క ఎప్పుడొస్తాదో ఆయనకే తెలీదు. సీటు ఇప్పి, పీచు దులిపి, స్పాంజి ఒగ వరస ఏసినాడు. ఏసి అడిగినాడు, "సాకా?" కన్నడంలో సాకు అంటే చాలు అని, అది ఈడ అందరికీ తెలుసు. చెంగల్రాయుడికీ తెలుసు. కానీ ఆయప్ప మనసు సీటుమీద ఉంటే కదా! బిడ్డమీద ఉండాది. మనకేమో సాకడమంటే పిల్లల్ని పెంచడం కదా. "సాకా?" అనేతలికి ఈయన పెద్ద నిట్టూర్పు ఇడిసి, "ఇంగా యాడప్పా! ఇంగా శానా సాకాల" అన్నాడు. నల్లప్ప సరే అని ఇంగొక వరస ఏసె. మళ్ళా "సాకా?" ఈయన, "ఆడబిడ్డ కదప్పా, దాని పెండ్లయ్యేదాకా సాకాల." నల్లప్ప బిత్తరపోయి నా పక్క సూసె. "ఏన్ స్వామీ ఇది, సీటా, గడ్డివామా?" అంటా ఇంగా కూరె. నేను తవుడు కొలస్తా కొలస్తా ఇంటాండా. నవ్వు ఆపుకోలేక పోతి గానీ సెప్పలా, యాలంటే బాగుండాది ఆ యవ్వారం. పైన నల్ల రెక్సిన్ తొడుగు ఏసి లాగి కొట్టేతలికి, సీటు పొంగిన పూరీ మాదిరి ఉండాది. చెంగల్రాయుడు ఎక్కి కూసొని, కాళ్ళు నేలకి అందకపోయినా, మొగమంతా ఎలిగిపోయింది. "అన్నా, బండెక్కినట్టే తెలీలేదు" అని మదనపల్లెకి పోయినాడు.

మద్యాన్నం తిరిగొచ్చినాడు. బండి ఆపినాడు గానీ దిగలా. నోటికాడ యేలు పెట్టి, గుసగుసగా, "అన్నా, మాటాడొద్దు. పిల్ల నిద్రపోతాండాది. నొప్పి అనలా, ఉలకలా, పలకలా. నల్లప్ప సెయ్యికి దండం పెట్టాల" అన్నాడు. నేను సూస్తి. ఎనక సూస్తి, పక్కన సూస్తి. "యా పిల్లప్పా?" అంటి.

ఎనక్కి తిరిగినాడు. సీటు ఉండాది. పిల్ల లేదు.

నాయనా, మనిషి మొగంలో నెత్తురు దిగిపోయేది నేను అప్పుడే సూసింది. "ఉండింది... నా ఎనకనే ఉండింది..." అంటాడు. యాడ పడిందో, ఏ లారీ కింద... నేను అంగడి అట్లే వదిలేసి ఎక్కితి ఎనకాల. "పోనీ, మదనపల్లె దావలో పోనీ" అంటి. ఆయప్ప తోలతాంటే బండి అటూ ఇటూ పోతాది. దావ పొడుగునా గట్లమీదా గుంతల్లోనూ సూసుకుంటా పోతిమి. బిడ్డ ఏసుకునింది ఎర్ర గౌనంట. ఎర్ర గుడ్డ కనపడితే బండి ఆపేది, దగ్గిరికి పోతే ఎవరిదో కట్టెల మోపుమీద తువాలు. నిజం సెప్తా ఇను, సిగ్గులేని నిజం. అంత భయంలోనూ నా కిందున్న సీటు... ఏం సెప్తావులే, అంత హాయిగా నేను పెండ్లిమంచం మీద కూడా కూసోలేదు. గుంత దిగినట్టు తెలీదు, గుట్ట ఎక్కినట్టు తెలీదు. అప్పుడు ఎలిగింది నాకు. గుంతే తెలీనప్పుడు, కోడిపిల్లంత బిడ్డ దిగిపోతే ముందరున్నోడికి ఏం తెలస్తాదప్పా? ముందు సెక్క సీటైతే అది కాలు కదిపినా ఈయనకి తెలిసేది.

గొర్రెల మంద ఒగటి సింతచెట్ల కాడ ఉండాది. ఆ మంద ఆనుకొని, గట్టుమీద కూసోనుండాది ఇంద్రాణి. ఒళ్ళో గొర్రెపిల్ల. నోట్లో ఉడకబెట్టిన సెనక్కాయలు. చెంగల్రాయుడు బండి స్టాండు కూడా ఎయ్యలా, ఇడిసిపెట్టేసినాడు, అది పడింది, దాంతో పాటు నేనూ పడితి. ఆయప్ప పోయి బిడ్డ కాళ్ళు సేతులు తడిమి, తల తడిమి, మళ్ళా కాళ్ళు తడిమి... పెట్రోలు కొళాయి సూసినట్టే, ఇంగొక తూరి. ఆ బిడ్డ ఏమనాల? "నాయనా, మంద దాటేటప్పుడు నువ్వు బండి ఆపితివి కదా, గొర్రెపిల్లని సూసొస్తా అంటి, నువ్వు ఊఁ అంటివి. వచ్చేతలికి పోయినావు. అరిస్తే ఇనపడలేదా?" అనింది. కోపంగా అడిగింది, ఏడుపు కూడా లేదు. ఆడ మల్లమ్మని, కురబలకోట ఆమె, ఆ మంద ఆమెదే. నడుంమీద సెయ్యి పెట్టుకొని అందుకునింది సూడు. "ఏమప్పా పెద్దమనిషీ, ఇంత మంద దావ దాటితే నేను ఒక్కోదాన్నీ ఎంచుకుంటా. నీకుండేది ఒగటే కదా, ఒగటి ఎంచేది రాదా నీకు?" చెంగల్రాయుడు సేతులెత్తి దండం పెట్టినాడు ఆమెకి. ఏడుస్తాండాడో నవ్వుతాండాడో తెలీలా. నాకూ అంతే.

మళ్ళా ముగ్గురం ఆ గడ్డివాము మీదనే పుంగనూరు వస్తిమి. బిడ్డని ఈ తూరి మజ్జన పెట్టుకుంటిమి. నేరుగా నల్లప్ప కాడికి. "తియ్యి స్వామీ, నువ్వు ఏసిందంతా తియ్యి" అన్నాడు చెంగల్రాయుడు. నల్లప్పకి కోపమొచ్చె. "నీవే కదా ఇంగా కావాల, బేకు బేకు అంటివి?" నేను అప్పుడు సెప్తి, ఈయన సాకాల అనింది సీటు కాదు సామీ, బిడ్డని. నల్లప్ప తల కొట్టుకొని, కూసోని నవ్వినాడు, కండ్లలో నీళ్ళొచ్చేదాకా. అప్పుడు పెట్టినారు పరీక్ష. బిడ్డ ఎనక కూసోవాల, చెంగల్రాయుడు ముందర కండ్లు మూసుకోవాల. బిడ్డ దిగితే ఈయన సెప్పాల. మొదట దిగింది, "ఉండాది" అన్నాడు. బజారంతా నవ్వు. నల్లప్ప ఈయన కిందది ఒగ వరస తీసె, బిడ్డ కిందది ఉంచె. మళ్ళా. ఆ పిల్ల దొంగముండ, పిల్లి మాదిరి దిగతాది, ఎక్కతాది. ఇంగొక వరస. సివరికి ఆ బిడ్డ దిగను కూడా లేదు, ఊరికే ఇట్ల పక్కకి ఒరిగింది, అంతే. చెంగల్రాయుడు కండ్లు తెరవకుండానే, "ఆఁ, కదిలింది" అన్నాడు. "సాకా?" అన్నాడు నల్లప్ప. "సాకు" అన్నాడు ఈయన. "సాకు, సాకు."

మళ్ళా గూళ్ళు తెచ్చినప్పుడు సెప్పినాడు తక్కినది. దావంతా బిడ్డకి నేర్పించినాడంట, అమ్మకి సెప్పొద్దు, అమ్మకి సెప్పొద్దు అని. బిడ్డ గడప కూడా దాటలా, "అమ్మా, నాయన నన్ను మరిసిపోయి వచ్చినాడు!" అని కేకేసింది. ఇంగ అయిపోయింది, బడి పోయింది అనుకున్నాడంట ఈయన. కమలాక్షి అంతా ఇనింది. బిడ్డని, "యాడైనా నొప్పి ఉండాదా?" అని అడిగింది. లేదనింది బిడ్డ. కొంగు దోపుకొని వచ్చి బండి ఎక్కి ఎనక కూసునింది. "కండ్లు మూసుకో" అనింది. ఈయన మూసుకున్నాడు. రొంత సేపు కదల్లేదంట ఆ యమ్మ. ఊపిరి కూడా బిగబట్టిందంట. "నేనుండానా, దిగినానా?" "ఉండావు." "ఎట్ల తెలిసె?" "వణకతాండావు కదే" అన్నాడంట. ఆ యమ్మ దిగి, కండ్లు తుడుసుకొని లోపలికి పోతా పోతా, "సెలవులు కాగానే నువ్వే దించి రాపో" అనిందంట. అది సెప్పేటప్పుడు సూడాల చెంగల్రాయుణ్ణి, నీళ్ళ చెంబు ఎత్తి తాగతా తాగతా పొలమారి, నవ్వి... మంచోడప్పా. శానా మంచోడు.

ఊఁ... అదో, కుట్టేసినట్టు ఉండాడు, బిగిస్తాండాడు. లెయ్యి. తవుడు దులుపుకో. పాపా, నువ్వు ఎక్కమ్మా ఎనకాల. నువ్వు ముందర కూసో వినోదూ. స్టార్టు సెయ్యొద్దు ఇప్పుడే. కండ్లు మూసుకో. నవ్వొద్దు, మూసుకో అంటాండా కదా. పాపా, ఇట్ల సూడు నా పక్క... ఆఁ. సెప్పప్పా ఇప్పుడు, ఉండాదా, దిగిందా?